వరూధినికి ఎన్ని చీరలో!

చేతులు కడుక్కున్నారా? తుడుచుకున్నారా? తడి ఉండకూడదు సుమండీ. వేటపాలెంలో రైలు దిగి మీరేం చేసి ఉంటారో నాకు తెలుసు. పావుకేజీ జీడిపప్పు కొని, అదీ ఉప్పూ కారం వేసి వేయించింది, దారి పొడుగునా నములుకుంటూ వచ్చి ఉంటారు. తప్పు పట్టడం లేదు. మా ఊరొచ్చి ఆ పని చెయ్యనివాళ్లని నేనింతవరకు చూడలేదు. కానీ ఆ నూనె వేళ్లతో మా తాతయ్య మనుచరిత్రని మాత్రం ముట్టుకోనివ్వను. అదిగో పంపు. వెళ్లి రండి.

ఆఁ, ఇప్పుడు చూడండి.

ఇది పెద్దన గారి మనుచరిత్రకి వావిళ్ళవారు అచ్చువేసిన ప్రతి. ముఖపత్రం సగం చిరిగిపోయింది. ఏ ఏడు అచ్చయిందో ఆ సగంతోపాటే పోయింది. అయినా దీని వయసు చెబుతాను, వినండి. మిగిలిన ముక్క మీద వెల ఉంది చూశారా? రూపాయలు, అణాలు, పైలు, మూడు అంకెలు, మధ్యలో అడ్డగీతలు. అణాలు పోయి దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి ఇది అంతకు ముందుదే. అదే వెల దగ్గర 'న.పై.' అని ఉందనుకోండి, అవి నయాపైసలు. ఆ మాట నడిచింది 1957 నుంచి 1964 దాకా. అప్పటి పుస్తకమన్నమాట. ఎంత తేలికో చూశారా! మీ ఇంట్లో పాత పుస్తకాల మీద ఇవాళే పరీక్షించి చూసుకోండి.

అచ్చయిన ఏడుకి ఇంకా దగ్గరికి రావచ్చు. చివరి అట్ట లోపలివైపు తిప్పండి. మెల్లిగా! అక్కడ నల్ల సిరాతో ఒక వరస రాసుంది. బహుధాన్య నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ విదియ నాడు ఆడపిల్ల జననం. మా పెద్దత్తయ్య పుట్టినరోజు అది. బహుధాన్య అంటే 1938లో మొదలైన ఏడు. అంటే ఆ దసరా రోజులకే పుస్తకం మా ఇంట్లో ఉంది. అత్తయ్య వయసు మీద ఇంట్లో తగువొచ్చినప్పుడల్లా సాక్ష్యానికి ఈ మనుచరిత్రే బయటికొచ్చేది. పుట్టినరోజులు పుస్తకాల వెనక రాసుకోవడం ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో ఉండేది. కొందరు రామాయణంలో రాసేవాళ్లు, కొందరు భాగవతంలో. మా తాతయ్య పోయి పోయి ప్రవరుడి కథ వెనక ఎందుకు రాశాడంటారా? ఆయన చేతికి అందుబాటులో ఎప్పుడూ ఉండే పుస్తకం ఇదే మరి.

తాతయ్య మగ్గం నేసేవాడు. పగలు నేత, సాయంత్రం లైబ్రరీ. ఈ పుస్తకానికి మొదట ఉన్న కాలికో బైండు పాడైపోతే మళ్లీ తనే కుట్టుకున్నాడు. ఈ దారం చూడండి. బజారు దారం కాదు, పడుగు నూలు. నాలుగు పోగులు కలిపి పేని, మైనం పట్టించాడు. పుస్తకం నడుముకి అంటించిన ఈ బట్ట, చీర నేత పూర్తయ్యాక మగ్గం మీద మిగిలిన ముక్క. జిగురు కోసం మైదా ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడట, పురుగు పట్టకుండా. నూలుకి గంజి పట్టించడంలో ఆరితేరిన మనిషికి జిగురు సంగతి ఒకరు చెప్పాలా?

అంత జాగ్రత్త పడ్డా ఒక పురుగు దూరనే దూరింది. ఇదిగో కన్నం. అవతారిక దగ్గర మొదలైంది. సూదితో గుచ్చినట్టు తిన్నగా పేజీ తర్వాత పేజీ తొలుచుకుంటూ వెళ్లింది. కాళ్లకి పూసుకున్న పసరు మహిమతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడికి ఆ పసరు మంచుకి కరిగిపోయే చోటికొచ్చి ఆగిపోయింది. ప్రవరుడు ఇంటికి వెళ్లలేకపోయిన చోటే దానికీ దారి మూసుకుపోయింది! నేను ఇది పదిమందికి చూపించాను. పదిమందీ నవ్వారు. మీరూ నవ్వుతున్నారు, దాచుకోకండి.

'ఇదంతా ఎందుకండీ, మనుచరిత్ర ఫోన్లో దొరుకుతుందిగా' అని మీ నాలుక చివర ఉంది. అడగండి, మొహమాటమెందుకు? దొరుకుతుంది. నా ఫోన్లోనూ ఉంది. రైల్లో అదే చదువుకుంటాను. కానీ మీ పెళ్లినాటి పట్టుచీర ఫొటో ఫోన్లో ఉందని బీరువాలో చీర ఎవరికైనా ఇచ్చేశారా? లేదు కదా. మరి!

చీర మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మాది నేతగాళ్ల ఊరు, మాకు చీరల లెక్కలు బాగా తెలుసు. ప్రవరుణ్ని వలచిన పెద్దన గారి వరూధిని ఇప్పటికి ఎన్ని చీరలు కట్టిందో లెక్కపెట్టండి. మొదటిది తాటాకు. మూడు వందల ఏళ్లకు పైగా ఆ ఒక్క చీరతోనే గడిపింది, పాపం. గంటం పట్టిన ప్రతి లేఖకుడూ ఒక అక్షరం అటూ ఇటూ మార్చినవాడే. తర్వాత బ్రౌన్ దొర వచ్చాడు. కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, తాటాకు ప్రతులు పోగుచేయించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1851లో జూలూరి అప్పయ్య పండితుడి వ్యాఖ్యానంతో మనుచరిత్ర అచ్చు వేయించాడు. అది రెండో చీర, అచ్చు చీర. ఆ ప్రతి నా దగ్గర లేదు. మీ దగ్గర ఉందా? ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పకండి, నాకు రాత్రికి నిద్ర పట్టదు.

ఆ తర్వాత వావిళ్ళవారి చీర. ఇదే, మీ చేతిలో ఉన్నది. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసులో అచ్చు పని మొదలుపెట్టారు. ఆయన కొడుకు వేంకటేశ్వర శాస్త్రులు గారు దాన్ని మహావృక్షం చేశారు. తెలుగు కావ్యం, సంస్కృత కావ్యం, వ్యాకరణం, శతకం, వ్రతకథ, ఏది కావాలన్నా ఎస్ప్లనేడ్‌లో వాళ్ల కొట్టుకి ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. వావిళ్ళ ప్రతి అంటే తప్పులుండవని పండితులు కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు. ఈ పేజీ చూడండి. అరసున్నలు ఎక్కడ ఉండాలో అక్కడున్నాయి. బండి ఱ లు బండి ఱ ల చోటున్నాయి. మీరు ఆఖరిసారి అరసున్న ఎప్పుడు రాశారు? నాకు తెలుసు, గుర్తుండదు. ఆ చిన్న గిన్నెలాంటి గీత ఒక్కొక్కటీ ఎవరో కంపోజిటరు సీసపు అక్షరాల గడిలోంచి ఏరి, తలకిందులుగా అమర్చి పెట్టిందే. కన్నుతో చూస్తే నున్నగా కనబడుతుంది, వేలితో తడిమితే వెనక పేజీలో అక్షరాల గట్లు తగులుతాయి. తడమండి. కడుక్కున్న చేతులేగా. తగిలిందా? ఫోన్లో తగలదు.

నాలుగో చీర ఎమెస్కో వారిది. సంప్రదాయ సాహితి పేరుతో ప్రబంధాల్ని పాకెట్ సైజులో తెచ్చారు, ముందు మంచి మంచి పీఠికలతో. ఇవి మా అమ్మవి. వంటింటి కిటికీలో ఉండేవి. చూడండి, ఈ అట్ట మీద పసుపు వేలిముద్ర. పేజీలు విడిపోయి పేకముక్కల్లా వస్తున్నాయి, కాగితం గోధుమరంగు తిరిగింది. కావ్యాన్ని చేతిసంచీలో పెట్టుకుని బస్సెక్కొచ్చని తెలుగువాళ్లకి చూపించింది ఈ చిన్న పుస్తకాలే. వావిళ్ళ ప్రతికి అలమరలో పైఅర ఇచ్చానంటే దీనికీ ఆ పక్కనే ఇస్తాను. పేద పుస్తకమని కింద పెట్టేవాళ్లతో నేను మాట్లాడను.

ఐదోది చాలా దూరం నుంచి వచ్చింది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ముద్రణాలయం వారు మూర్తి క్లాసికల్ లైబ్రరీ అని ఒక వరుస మొదలుపెట్టారు. 2015లో వచ్చిన తొలి ఐదు పుస్తకాల్లో మన మనుచరిత్ర ఒకటి! వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారు కలిసి ఇంగ్లీషు చేశారు. ఎడంపక్క తెలుగు, కుడిపక్క ఇంగ్లీషు. గ్రీకు, లాటిన్ పుస్తకాలకి లోయెబ్ గ్రంథమాల అని వందేళ్లుగా ఒకటుంది. అందులో గ్రీకు పుస్తకానికి ఆకుపచ్చ అట్ట, లాటిన్ పుస్తకానికి ఎర్ర అట్ట, మూల భాష ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క. అలాంటి మర్యాద మనకీ దక్కిందన్నమాట. తెలుగు అక్షరాలు కూడా ఈ వరుస కోసమే ప్రత్యేకంగా గీయించారు. వావిళ్ళ పేజీ పక్కన ఈ పేజీ పెట్టి చూడండి. మామ్మా మనవరాలూ పక్కపక్కన కూర్చున్నట్టు లేదూ? ఆ ముక్కు తీరు అలాగే వచ్చింది.

ఒకే పద్యకావ్యానికి ఐదు చీరలు. వరూధిని మాత్రం అదే వరూధిని. ప్రవరుడు ఎప్పట్లాగే పారిపోతూనే ఉన్నాడు.

అసలు మీకు ముద్దుపళని సంగతి తెలుసా? తెలియకపోతే ఇంకో జీడిపప్పు తీసుకోండి. వద్దులెండి, మళ్లీ చేతులు కడగాలి. వినండి. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. పద్దెనిమిదో శతాబ్దం మాట. తర్వాత దాన్ని అచ్చువేసినవాళ్లు ఇక్కడో ముక్క, అక్కడో ముక్క కత్తిరించారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు, తిరువయ్యూరులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన మహాగాయని, ఆ కత్తిరింపులు చూసి ఊరుకోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి, పోల్చి, పూర్తి కావ్యాన్ని తనే పరిష్కరించారు. 1910లో వావిళ్ళవారు అచ్చు వేశారు. అది అశ్లీలమని గొడవ లేచింది, ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. చూశారా, ఒక స్త్రీ రాసిన కావ్యం, ఇంకో స్త్రీ పరిష్కరించింది, దాని మీద పోలీసులు! నాకు ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిషేధం ఎవరు ఎత్తేశారో చెప్పుకోండి చూద్దాం. మా వాడే. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు, మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న రోజుల్లో, 1947లో. ఎన్నో ఏళ్ల తర్వాత పుస్తకం చెరలోంచి బయటికొచ్చింది. వావిళ్ళవారు మళ్లీ అచ్చు వేశారు. ఇప్పుడు చెప్పండి. 1910 నాటి ప్రతి, పోలీసుల కన్నుగప్పి ఏ అటక మీదో, ఏ బియ్యం గాదె వెనకో బతికిపోయిన ప్రతి ఒకటి మీ కంటబడితే దాన్ని ఉత్త పుస్తకం అనగలరా? ఆ తర్వాత వచ్చిన వాటిలోనూ పద్యాలు అవే. కానీ ఆ ప్రతి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మనిషి లాంటిది. దానికి కూర్చోమని పీట వేస్తాం.

కన్యాశుల్కం సంగతీ ఇలాంటిదే. మనమందరం చదివేది, నాటకం వేసేది, మధురవాణి మాటలు కంఠతా పట్టింది 1909లో వచ్చిన రెండో కూర్పు. గురజాడ వారు మొదట 1897లో వేసింది వేరు. చాలా చిన్నది. అది అదృశ్యమైపోయే స్థితిలో నెల్లూరు బంగోరె గారు దాన్ని పట్టుకొచ్చి 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' అని మళ్లీ వేశారు. ఒకే నాటకం రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గురజాడ పన్నెండేళ్లు ఏం చేశాడో కళ్లముందు కనబడుతుంది. సినిమాల్లో అంటారే, తెరవెనక కథ, అది. మీరు చదవలేదంటే నేను నమ్మను. చదవలేదా? ఈసారి వచ్చినప్పుడు ఇక్కడే కూర్చోబెట్టి చదివిస్తాను.

ఇక శ్రీశ్రీ మహాప్రస్థానం. 1950లో మచిలీపట్నం నుంచి మొదటిసారి పుస్తకంగా వచ్చింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు అచ్చయిందో లెక్క పెట్టడం నా వల్ల కాదు. కానీ ఒకటుంది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి గారు వేసింది. అచ్చక్షరాలు లేవు. మొత్తం శ్రీశ్రీ చేతిరాతే! దానికి తోడు శ్రీశ్రీ గొంతుతో కవితలు చదివిన క్యాసెట్. శ్రీశ్రీ చేతిరాత చూస్తే, ఆయన ఆవేశమంతా కలంలోంచి చిమ్మి ఉంటుందనుకుంటాం కదా. కాదండీ. ఒద్దికగా ఉంటుంది. ఆ అక్షరాల్ని చూస్తూ ఆ గొంతు వింటే కలిగే ఆనందం నాకు మాటల్లో పెట్టడం రాదు. క్యాసెట్ వినడానికి టేప్‌రికార్డరు కోసం ఊరంతా తిరగాలంటారా? తిరుగుదాం. దానికేం?

ఇంగ్లండులో విలియం మోరిస్ అని ఒకాయన ఉండేవాడు. 1896లో చాసర్ కవి రచనలన్నీ ఒక బ్రహ్మాండమైన పుస్తకంగా వేశాడు. కాగితం మీద 425 ప్రతులే. బొమ్మలు, అంచులు, అక్షరాలు, అన్నీ దగ్గరుండి చేయించాడు. ఇప్పుడది లోకంలోకెల్లా అందమైన పుస్తకాల్లో ఒకటంటారు. ఈ కథ మీకెందుకు చెబుతున్నానంటే, ఆయన నేతగాడు కూడా. పడకగదిలో మగ్గం వేసుకుని పొద్దున్నే లేచి నేసేవాడు. ఈ సంగతి తెలిసినప్పుడు నేను తాతయ్య కుట్టిన బైండు తీసి మళ్లీ ఒకసారి చూసుకున్నాను. పడుగూ పేకా తెలిసిన చేతికి పేజీ అంచు ఎంత వదలాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

అంచు అంటే గుర్తొచ్చింది, నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. ఏ ఊరో, ఎవరో చెప్పను. తాతయ్య వసుచరిత్ర ఒకటి అట్టలు ఊడిపోతే బైండింగుకి ఇచ్చాను. బాబూ, అంచులు కొయ్యొద్దు అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు. వారం తర్వాత వెళ్తే పుస్తకం తళతళా మెరుస్తోంది. మూడు పక్కలా మిషన్‌లో పెట్టి నున్నగా కోసేశాడు. ఆ అంచుల్లో తాతయ్య పెన్సిలుతో రాసుకున్న అర్థాలుండేవి. ప్రతి మాటకీ సగం మిగిలింది. ఒక పేజీలో 'అనగా' అని మాత్రం ఉంది. అనగా ఏమిటో ఇక నాకెప్పటికీ తెలియదు. అందుకే ఇప్పుడు బైండుకి ఎవరికీ ఇవ్వను. ఊడిన అట్టని నూలు గుడ్డతో చుట్టి, పక్కన ఎండిన వేపాకు పెట్టి, వానాకాలం వెళ్లాక నీడలో గాలికి ఆరబెడతాను. మీరు మాత్రం సెల్లోటేపు జోలికి పోకండి. చిరిగిన చోట అంటించిన టేపు పదేళ్లకి ఊడిపోతుంది, గోధుమరంగు మరక మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది. టేపు అంటించినవాళ్ల మీద నాకు కోపం లేదు, ప్రేమతోనే అంటిస్తారు. కానీ చెయ్యొద్దు.

సరే, లేవండి. ఇంత దూరం వచ్చి సారస్వత నికేతనం చూడకుండా వెళ్తారా? నడిచిపోదాం. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు హిందూ యువజన సంఘం అని మొదలుపెట్టారు, అదే ఈ లైబ్రరీ అయింది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇక్కడే ఉంది, చూపిస్తాను. ఈ లోపల మా ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది, 2022లో బాపట్ల జిల్లాకి వచ్చింది. జిల్లాలు మారాయి గానీ ఈ అలమరలు కదల్లేదు.

లోపల ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి పాత సంచికలు ఏడాదికేడాది కుట్టి ఉంటాయి. ఎక్కడెక్కడినుంచో పరిశోధనలు చేసేవాళ్లు వస్తారు. నేను వెళ్లేది మాత్రం వాటి ప్రకటనల కోసం! కావ్యం పక్కన కేశతైలం, కేశతైలం పక్కన కొత్తగా అచ్చయిన పుస్తకాల జాబితా, వెల, పోస్టేజీ అదనం. ఏ పుస్తకం ఏ నెలలో బజార్లోకి వచ్చిందో ఆ ప్రకటనలు పట్టుకుంటే తెలుస్తుంది. మనుచరిత్ర ముఖపత్రంలో పోయిన సగాన్ని నేను అక్కడే వెతుకుతున్నాను. 1938 దసరా నుంచి వెనక్కి పోతూ. ఇంకా దొరకలేదు. దొరుకుతుంది.

మీరు ఊరెళ్లాక ఒక పని చేసి పెట్టండి. మీ పెద్దవాళ్ల ట్రంకుపెట్టె ఒకటి అటక మీద ఉండే ఉంటుంది. పండగకి ఇల్లు దులిపేటప్పుడు దాన్ని కిలోల లెక్కన కాగితాలవాడికి వేసేస్తారని నా భయం. వెయ్యకండి. ముందు ఒక్కో పుస్తకం తీసి వెల చూడండి, చివరి అట్ట లోపల ఏం రాసుందో చూడండి. మీకు అక్కర్లేనివి ఉంటే పెట్టె పెట్టెగా ఇక్కడికి తీసుకురండి, కూర్చుని చూద్దాం. జీడిపప్పు నేను కొనిపెడతాను.